రెండు మందుల నడుమ మా మేనత్త

మా మేనత్త పోయి ఇవాళ్టికి పదమూడు రోజులు. ఛాతీలో నిమ్ము చేరి, జనక్‌పురిలో మా ఇంటికి దగ్గరున్న ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉండి, అయిదో రోజు పొద్దున నర్సు బీపీ చూడబోయేసరికి వెళ్ళిపోయింది. డెబ్భై నాలుగేళ్ళు. ఢిల్లీ చలికాలపు పొగ గట్టివాళ్ళనే మంచాన పడేస్తుంది, ఆవిడ ఊపిరి ఏపాటిది.

ఊళ్ళో బంధువులకు ఫోన్లు చేసి చెప్పాను. వరసకు బాబాయి అయ్యే ఒకాయన కాసేపు ఎవరో గుర్తు తెచ్చుకుని, "ఓ, ఆ పిచ్చావిడా? పోన్లేమ్మా. ఆవిడకీ విముక్తి, మీకూ విముక్తి" అన్నారు. ఓదార్చాలనే అన్నారు. "సరే బాబాయ్" అని ఫోన్ పెట్టేశాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఆవిడ ఎలాంటి మనిషో ఆయనకు తెలియదు. ఆ మాటకొస్తే మా వాళ్ళలో ఎవరికీ తెలియదు. తెలిసినదాన్ని నేను, అందుకే రాస్తున్నాను.

ఆవిడ మా నాన్నకు అక్క. పెళ్ళయిన మూడో ఏట ఆవిడకు ఎవరూ లేని చోట మాటలు వినిపించడం మొదలైంది. అత్తవారింట్లో అన్నంలో ఏదో కలుపుతున్నారని ఒక గొంతు చెప్పేది. ఆవిడ తినడం మానేసింది. వాళ్ళు తీసుకొచ్చి పుట్టింట్లో దింపి వెళ్ళారు, మళ్ళీ రాలేదు. ఆ జబ్బును స్కిజోఫ్రీనియా అంటారని మా ఇంట్లో తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. నాయనమ్మ పోయాక, అప్పటికి మిలిటరీ ఉద్యోగంలో ఢిల్లీ కంటోన్మెంటు క్వార్టర్లలో ఉన్న మా నాన్న ఊరెళ్ళి అక్కను వెంట తెచ్చుకున్నాడు. నాకప్పుడు అయిదేళ్ళు.

నాన్న ఒక డాక్టరుకు చూపించాడు. ఆయన రాసిన మాత్రను మేం తరవాత "పాత మాత్ర" అనేవాళ్ళం. అది ఆవిడకు మేలే చేసింది, ఆ మాట చెప్పకపోతే తప్పవుతుంది. గొంతు తగ్గింది, నిద్ర పట్టింది. రెండేళ్ళు తిరిగేసరికి ఆవిడ క్వార్టర్ల ఆడవాళ్ళ చీరలకు ఫాల్ కుట్టడం మొదలుపెట్టింది. మిషను మీద కాదు, చేత్తో. పైవైపు నుంచి చూస్తే దారం కనబడేది కాదు. మా అమ్మకు ముప్పై ఏళ్ళైనా రాని హిందీ, చీరలిచ్చే ఆడవాళ్ళతో మాట్లాడి మాట్లాడి ఆవిడకు వచ్చేసింది.

నాకు తెలుగు నేర్పింది కూడా ఆవిడే. బళ్ళో హిందీ, ఇంగ్లీషు. ఇంట్లో నాన్నకు తీరిక లేదు, అమ్మకు ఓపిక లేదు. ఎండాకాలం సెలవుల్లో అత్తయ్య నాన్న మిలిటరీ రగ్గు నేల మీద పరిచి, బట్టల మీద గుర్తులు పెట్టుకునే సుద్దబిళ్ళతో దాని మీద అ, ఆలు రాసేది. ఒకసారి చేతితో తట్టితే అక్షరం పోయేది, మళ్ళీ రాయాలి. "ఱ" రాయడం రాక నేను ఏడిస్తే, "ఏడవకే. దాన్ని ఎవరూ వాడరు, అదే ఏడవాలి" అంది. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ అక్షరాలు అలా వచ్చినవే.

ఎంత కుదురుగా ఉన్న రోజుల్లోనైనా ఒక అలవాటు ఆవిడను వదల్లేదు. అన్నం ఎవరైనా ముందు తింటేగానీ తను ముట్టేది కాదు. ఆ పని నాది. "రావే, నా ముందు ముద్దా" అని పిలిచేది. నేను ఆవిడ కంచంలోంచి మొదటి ముద్ద తినేదాన్ని. ఆవిడ నా ముఖంలోకి చూసి, మనసులో ఎంతో కొంత లెక్క పెట్టుకుని, తరవాత తినేది. చిన్నప్పుడు నాకదొక ఆట. ఆవకాయ నెయ్యి వేసి కలిపిన మొదటి ముద్ద ఎవరికి చేదు? పెద్దయ్యాక అర్థమైంది, చెవిలో ఒక గొంతు వద్దు వద్దంటుంటే ఆవిడ నన్ను చూసి తింటోందని. నాకు పెళ్ళయ్యాక కూడా మా కాపురం, నాన్న రిటైరయ్యాక జనక్‌పురిలో తీసుకున్న ఇంట్లో, వాళ్ళతోనే, కాబట్టి ఆ ముద్ద నాకే మిగిలింది.

ఎనిమిదేళ్ళ క్రితం మా నాన్న పోయాడు. పదో రోజున అత్తయ్య కనబడలేదు. మధ్యాహ్నం కంటోన్మెంటు గేటు దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఆటో మాట్లాడుకుని వెళ్ళి, "మా తమ్ముణ్ణి లోపల దాచారు, పిలవండి" అని కాపలా సిపాయితో గొడవ పడుతోందట. నేను వెళ్ళేసరికి చెప్పుల్లేకుండా ఎండలో నిలబడి ఉంది. నన్ను చూసి, "నువ్వూ వాళ్ళతో కలిశావా?" అంది. ఆ చూపు నేను జన్మలో మరచిపోలేను.

అప్పుడు ఒక డాక్టరు కొత్త మాత్ర మొదలుపెట్టాడు. నెలన్నరకు ఆవిడ తేరుకుంది. నాన్న లేడన్నది ఒప్పుకుని, ఒక పూటంతా ఏడ్చి, మళ్ళీ సూది పట్టుకుంది. మేం ఊపిరి పీల్చుకున్నాం. రెండు మాత్రలూ వేస్తూనే ఉన్నాం. చేతులు వణుకుతున్నాయంటే దానికి మూడోది చేరింది. తరవాతి ఏళ్ళలో ఆసుపత్రిలో నలుగురు డాక్టర్లు మారారు. ప్రతివాళ్ళూ ముందటి చీటీ చూసి, కింద అదే రాసి ఇచ్చారు. మేమూ అడగలేదు. ఇల్లు నెమ్మదిగా ఉంది, అంతకంటే ఏం కావాలి అనుకున్నాం.

ఆవిడ మాత్రం రోజురోజుకీ బిగుసుకుపోయింది. అడుగు ఎత్తకుండా ఈడ్చేది. ముఖంలో నవ్వు, కోపం రెండూ పోయాయి. కూర్చున్నచోట నోటి చివరినుంచి లాలాజలం కారుతుంటే కొంగుతో అద్దుకునేది. ఒక రోజు సూదిలో దారం ఎక్కించడానికి పావుగంట ప్రయత్నించి, సూదిని డబ్బాలో పెట్టి మూత వేసింది. ఆ డబ్బా బీరువా పైకి చేరింది. "వయసైపోయింది వదినకి" అంది అమ్మ. నేనూ అదే అనుకున్నాను. తరవాత ఆవిడ స్నానాల గదిలో పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు కట్టిన ఎముకల డాక్టరు, మందుల జాబితా చూసి, "ఇవన్నీ ఇంకా అవసరమేనా? వృద్ధుల మానసిక వైద్యం చేసేవాళ్ళకు ఒకసారి చూపించండి" అన్నాడు.

అలా ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ మమ్మల్ని ఏమీ అడక్కముందే అత్తయ్యను వరండాలో ఆ చివరిదాకా నడిపించింది. నడుస్తుంటే చేతులు ఊగడం లేదని నాకు చూపించింది. అన్నేళ్ళుగా రోజూ చూస్తున్నా నాకది కనబడలేదు. తరవాత నేను తీసుకెళ్ళిన సంచిలోని చీటీలన్నీ బల్ల మీద వరసగా పేర్చింది. అడుగున ఉన్నదాని దగ్గర ఆగింది.

"ఇది చదివారా?" అని హిందీలో అడిగింది.

కొత్త మాత్ర మొదలుపెట్టిన రోజు చీటీ అది. చివర చిన్న అక్షరాలతో ఉంది: ఆరు వారాల తరవాత పాత మాత్ర నెమ్మదిగా తగ్గించి ఆపేయాలని. ఆరు వారాలకు వెళ్ళినప్పుడు ఆ డాక్టరు బదిలీ అయ్యాడు. కొత్తాయన "కుదురుగా ఉన్నారుగా, ఇలాగే వాడండి" అన్నాడు. రెండు మందులు కలిపి వాడాలని ఎవరూ ఎప్పుడూ నిర్ణయించలేదు. ఒక మందునుంచి ఇంకో మందుకు మారుతూ, దారి మధ్యలో ఆగిపోయాం. ఆ చీటీ అందుకున్న చెయ్యి నాదే.

"కొందరికి రెండూ కావాల్సి వస్తుంది, దాన్ని తప్పనను. కానీ ఇంకా కావాలా అని ఎప్పటికప్పుడు అడగాలి కదా. వయసు మీద పడ్డాక మందు ఒంట్లోంచి తొందరగా పోదు. నలభైలో సరిపోయింది డెబ్భైలో మోయలేని బరువవుతుంది. పాతదాన్ని మెల్లగా తీసేద్దాం. జబ్బు కాస్త తల ఎత్తవచ్చు, అది ముందే చెబుతున్నాను" అంది డాక్టరమ్మ.

నేను అమ్మ ఏమంటుందోనని ఆలోచిస్తున్నాను. డాక్టరమ్మ నన్ను వదిలి అత్తయ్య వైపు తిరిగింది. "ఆంటీజీ, ఆప్ బతాయియే." మీరే చెప్పండి, మీకేం కావాలని.

అన్నేళ్ళలో ఆవిడను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆ డాక్టరమ్మ. అత్తయ్యకు నాలుక మొద్దుబారి మాట మెల్లగా వచ్చేది. చివరికి అంది: "ఆవాజ్ తో పురానీ రిష్తేదార్ హై జీ. ముఝే మేరీ టాంగేఁ దే దో." ఆ గొంతు నాకు పాత చుట్టమే, నా కాళ్ళు నాకిచ్చేయండి అని. డాక్టరమ్మ నవ్వలేదు. ఆ మాటను అలాగే కాగితం మీద రాసుకుంది.

ఇంట్లో అమ్మ ఒప్పుకోలేదు. "సద్దుమణిగినదాన్ని ఎందుకే కెలుకుతారు? మళ్ళీ గేటు దగ్గరికి పరిగెడితే ఈసారి ఎవరు పట్టుకొస్తారు?" అంది. అమ్మను తప్పు పట్టలేను. నలభై ఏళ్ళు ఆ జబ్బుతో కాపురం చేసింది అమ్మ కూడా.

అయినా, అత్తయ్య అడిగిందని పాత మాత్ర ముప్పాతిక చేశాం. ఏమీ కాలేదు. రెండు నెలలకు సగం చేశాం. అత్తయ్య పార్కులో ఒక చుట్టు తిరగడం మొదలుపెట్టింది. రోజుకెన్ని చుట్లో క్యాలెండరులో గీతలు పెట్టేది. ఒక పూట మా అమ్మాయి స్కూలునుంచి వస్తూ గేటు దగ్గర్నుంచే, "మమ్మీ, బడీ నానీ ఉంగ్లీ పకడే బినా చల్ రహీ హై!" అని అరిచింది. ఎవరి వేలూ పట్టుకోకుండా నడుస్తోందని. సంతోషంగా ఉన్నాం.

ఆ తరవాతి వారమే ఆవిడ మంచినీళ్ళ ఫిల్టరు కుళాయికి గుడ్డ చుట్టేసింది. మర్నాడు వంటింటి గోడ వైపు తిరిగి గొణగడం చూశాను. అంతే. నా కళ్ళ ముందు కంటోన్మెంటు గేటు, ఆ చెప్పుల్లేని కాళ్ళు, ఆ చూపు. ఏదైనా తేడా కనబడితే ఫోన్ చేయమని డాక్టరమ్మ చెప్పిందే. చేయలేదు. చేస్తే ఓపిక పట్టమంటుందని భయం. ఆపేసిన సగం మాత్రను గరిటె వెనకతో నలిపి, అత్తయ్య పెరుగన్నంలో కలిపాను.

ఆవిడ ఎప్పటిలాగే, "రావే, నా ముందు ముద్దా" అంది. కంచంలో ఎటు పక్క కలిపానో నాకు తెలుసు. రెండో పక్కనుంచి ముద్ద తీసుకుని తిన్నాను. ఆవిడ నా ముఖం చూసి తినడం మొదలుపెట్టింది.

అలా తొమ్మిది రోజులు.

పదో రోజు మధ్యాహ్నం ఆవిడ కంచం ముందు కూర్చుని, చెయ్యి పెట్టకుండా నన్ను చూసింది.

"చేదుగా ఏం లేదు. కానీ వారంనుంచి నా కాళ్ళు బరువెక్కుతున్నాయి. నోరు మళ్ళీ కారుతోంది. ఇందులో మందు కలిపావా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకో ఆగిపోయింది. "కలిపాను అత్తయ్యా" అన్నాను.

ఆవిడ అరుస్తుందనుకున్నాను. కంచం తోసేస్తుందనుకున్నాను. అదేం చేయలేదు. "ఆ గొంతు యాభై ఏళ్ళుగా ఇదే చెబుతోంది. అబద్ధాలాడటమే నీ పని అని, నీ ముద్ద చూపించి దాని నోరు మూయించేదాన్ని. ఇప్పుడు దానికేం చెప్పనే?" అంది.

ఆ కంచం తీసి వంటింట్లో పెట్టాను.

తరవాత మూడు రోజులు ఆవిడ అరటిపళ్ళు, తొక్క తనే ఒలుచుకున్న ఉడకబెట్టిన గుడ్లు, వేరుశనక్కాయలు తిని బతికింది. పైన తొక్క ఉన్నవే ముట్టింది. నాతో కోపంగా మాట్లాడలేదు. అసలు మాట్లాడలేదు. నాలుగో రోజు చీర కట్టుకుని వచ్చి, "పద, డాక్టరు దగ్గరికి. నువ్వే చెప్పాలి" అంది.

చెప్పాను. డాక్టరమ్మ తిడితే బాగుండేది. "మీరు దేనికి భయపడ్డారు?" అని అడిగింది. గేటు సంగతి చెప్పాను. ఎవరితోనైనా ఆ సంగతి మొత్తం చెప్పడం అదే మొదటిసారి. చెబుతూ ఏడ్చాను. పక్క కుర్చీలో కూర్చున్న అత్తయ్యకు ఆ రోజు నేను అంత భయపడ్డానని అప్పటిదాకా తెలియదు. నా వైపు చూసి, "అచ్ఛా" అంది. అంతే. ఆవిడ చెయ్యి, ఇంకా కాస్త బిగుసుకునే ఉన్న చెయ్యి, నా మోకాలి మీదికి వచ్చింది.

ముగ్గురం కలిసి ఒక మాట అనుకున్నాం. ఇంక రహస్యాలు లేవు. తగ్గించేది మరింత చిన్న మెట్లుగా, ఒక్కో మెట్టు మీద నెలన్నర ఆగుతూ. తిండి మానేసినా, గొంతు ఏదైనా చేయమని గద్దించినా, ఆవిడే ముందు చెబుతుంది, అప్పుడు మందు పెంచుతాం. మాత్రలు ఆవిడే లెక్క చూసి, ఆవిడ చేత్తో వేసుకుంటుంది.

పది నెలలు పట్టింది. మధ్యలో ఒకసారి, "ఈ వారం అది గట్టిగా మాట్లాడుతోందే, కిందకి దిగొద్దు" అని తనే చెప్పింది. ఆగాం. చివరికి పాత మాత్ర పోయింది, దాని వెనకే వణుకుకు వేసే మూడోదీ పోయింది. ఒక్క కొత్త మాత్ర మిగిలింది. గొంతు పూర్తిగా పోలేదు. "పక్క గదిలో రేడియోలా ఉంది. పెట్టినవాళ్ళెవరో తెలియదు, విననక్కర్లేదు" అనేది. ముఖంలోకి కోపం తిరిగి వచ్చింది, ముందు వచ్చింది అదే. అమ్మతో ఉప్పు దగ్గర పోట్లాడింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి నా చెవిలో, "వదిన తిట్టిందే!" అని, కళ్ళు తుడుచుకుంది. ఒక ఆదివారం ఆవిడే స్టూలు వేయించి బీరువా మీదినుంచి సూది డబ్బా దింపించింది. మొదట కుట్టిన ఫాల్ వంకరగా వచ్చింది. విప్పి మళ్ళీ కుట్టింది.

మొదటి ముద్ద మాత్రం నన్ను మళ్ళీ తినమనలేదు. గిన్నెలోంచి తనే వడ్డించుకుని తినేది. చాలా నెలలు నాకది గుచ్చుకునేది. ఒక రోజు ఉండబట్టలేక, "నన్నింకా నమ్మట్లేదా అత్తయ్యా?" అని అడిగాను. ఆవిడ చారు పోసుకుంటోంది.

"నమ్మకపోతే నీ ఇంట్లో తింటానా? ఆ రోజు అడగ్గానే చెప్పావు. దాచి ఉంటే అది గెలిచేది. ఇంకొకళ్ళ నోటితో రుచి చూసే వయసు దాటిపోయిందిలే నాకు" అంది.

క్షమించిందో లేదో ఆ మాటలో ఉందేమో మీరే చెప్పాలి. నేను ఎన్నిసార్లు తలచుకున్నా ఒక్కోసారి ఒక్కోలా వినిపిస్తుంది. తన మనసే తనకు అబద్ధాలు చెబుతున్నా, ఎదుటి మనిషి నిజం చెబితే దాన్ని గుర్తుపట్టి పట్టుకోగలిగిన మనిషి ఆవిడ. అంతటి తెలివి నాకు తెలిసిన మామూలు మనుషుల్లో తక్కువమందికి ఉంది.

అలా ఒక్క మాత్ర మీద, రెండు చలికాలాలు పూర్తిగా, మూడోది కొంత బతికింది. పడలేదు. పోయే ముందు వారం దాకా తన నీళ్ళు తనే పోసుకుంది. బాబాయి అన్న విముక్తి ఏదైనా ఉంటే, అది ఆ రెండేళ్ళే.

పోయిన జనవరిలో ఒక పొద్దుటి పూట గుర్తొస్తోంది. పదకొండు దాటాక గానీ పొగమంచు విడలేదు. పార్కు బెంచీ మీద అత్తయ్య, పక్కన మా కాలనీలో ఉండే సిక్కావిడ, సర్దార్నీ ఆంటీ. ఆంటీ తన మోకాలి ఆపరేషన్ కథ మొదటినుంచీ చెబుతోంది. నేను వెనక కాస్త దూరంలో నిలబడి ఉన్నాను. కథ మధ్యలో అత్తయ్య ఎడమ పక్కకు, ఎవరూ లేని వైపుకు తల తిప్పి, చిన్న పిల్లకు చెప్పినట్టు మెల్లగా తెలుగులో, "ఆగు కాసేపు. ఆవిడ చెప్పేది విననీ" అంది. మళ్ళీ ఇటు తిరిగి, "హాఁ జీ, ఫిర్ క్యా హువా?" అని తరవాతేమైందో అడిగింది. ఆంటీ ఏమీ అనుకోలేదు, కథ అందుకుంది. అత్తయ్య మఫ్లరు చెవి మీదినుంచి పక్కకు జరుపుకుని, ఎండలో ముఖం పెట్టి, వింటూ కూర్చుంది.